మెంటరింగ్ సర్వేలో పిల్లలంతా 5కి 5 పెట్టేస్తున్నారు. ప్రశ్నలు ఎలా మార్చాలి?

చదువులచెట్టు:

నమస్కారం. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో రెండు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 9వ తరగతి పిల్లలకు మెంటరింగ్ నడుపుతున్నాం. 60 మంది పిల్లలు, 60 మంది వలంటీర్లు, ఒకరికి ఒకరు. నెలకు రెండు ఆదివారాలు బడిలోనే గంటన్నర కలుస్తారు, మధ్యలో వారానికో ఫోను. జూలైలో మొదలై మార్చిలో ముగుస్తుంది. ఏడాది చివర పిల్లల చేత ఈ ఫారం నింపిస్తున్నాం:

1. నా మెంటర్ నాకు సహాయపడ్డారు, నన్ను ప్రోత్సహించారు.
2. ఈ కార్యక్రమం వల్ల నా ఆత్మవిశ్వాసం పెరిగింది.
3. నా మెంటర్ నా మాట పట్టించుకోవడం లేదని నాకు అనిపించలేదు.
4. నేను నా మెంటర్‌తో తరచుగా మాట్లాడుతుంటాను.
5. నా కెరీర్ పట్ల నాకు అవగాహన పెరిగింది.
6. నా సమస్యలను నా మెంటర్‌తో పంచుకోగలను.
7. ఈ కార్యక్రమాన్ని మీ స్నేహితులకు ఎంతవరకు సిఫారసు చేస్తారు? (0 నుంచి 10)
8. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?

మొదటి ఆరింటికి ‘పూర్తిగా విభేదిస్తున్నాను’ నుంచి ‘పూర్తిగా ఏకీభవిస్తున్నాను’ వరకు ఐదు గడులు. దాదాపు అందరూ చివరి గడిలోనే టిక్కు పెడుతున్నారు. ఎనిమిదోదానికి ‘ఏమీ లేదు’, ‘అంతా బాగుంది’. కానీ దసరా సెలవుల తర్వాత కొన్ని జంటలు కలవడమే మానేశాయని మాకు తెలుసు. సర్వేలో అది ఎక్కడా కనిపించదు. ఏ ప్రశ్న ఎలా మార్చాలో చెప్పగలరా? ఫారం పొడవు మాత్రం రెండు పేజీలు దాటకూడదు.

---

కొలబద్ద:

ప్రశ్నల జోలికి వెళ్లేముందు ఒక పని చేయండి. ఈ సర్వే చూసి మీరు తీసుకోబోయే నిర్ణయాలు ఒక కాగితం మీద రాయండి. మీ పోస్టును బట్టి నాకు మూడు కనిపిస్తున్నాయి: ఏ పిల్లలకు మెంటర్‌ను మార్చాలి, ఆదివారం కలయిక, ఫోను రెండింట్లో దేని మీద శ్రమ పెట్టాలి, పదో తరగతి తర్వాతి దారుల గురించి విడిగా క్లాసు పెట్టాలా. ఏ నిర్ణయానికీ పనికిరాని ప్రశ్న ఫారంలో ఉండకూడదు. మీ 7వ ప్రశ్న అలాంటిదే. దానికి సగటు 9 వచ్చినా 8 వచ్చినా మీరు చేసే పని మారదు. పైగా 0 నుంచి 10 అనగానే మన పిల్లలకు పరీక్ష మార్కులే గుర్తొస్తాయి. తమకు ఇష్టమైన అక్కకు ఆరు మార్కులు వేయడానికి ఏ పిల్లకూ మనసొప్పదు. తీసేయండి.

మిగతావాటిలో ఉన్న అసలు లోపం ఒక్కటే: పిల్లల్ని తీర్పు చెప్పమంటున్నారు. జరిగింది చెప్పమంటే చెబుతారు. తీర్పు అడిగితే మర్యాద చేస్తారు.

1వ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. సహాయపడి ప్రోత్సహించని మెంటర్ ఉంటారు, ఊరికే ‘శభాష్’ అంటూ ఏ సాయమూ చేయనివాళ్లూ ఉంటారు. ఒక పిల్లవాడు 3 పెడితే అందులో ఏది ఎంతో మీరు విడదీయలేరు. విడగొట్టి జరిగినదాన్ని అడగండి:

‘పోయినసారి కలిసినప్పుడు, అంతకుముందు నువ్వు చెప్పిన విషయం మెంటర్‌కు గుర్తుందా?’ గుర్తుంది / కొంచెం గుర్తుంది / గుర్తులేదు / అలాంటి సందర్భం రాలేదు.

ఈ ఒక్క ప్రశ్న మీ 1, 3 రెండింటికంటే ఎక్కువ చెబుతుంది. చెప్పింది గుర్తుపెట్టుకోవడమే పిల్లల దృష్టిలో పట్టించుకోవడం.

2వ ప్రశ్న చాలా ఫారాల్లో కనిపిస్తుంది, అన్నింటికంటే బలహీనమైనదీ అదే. 14 ఏళ్ల పిల్ల దీనికి జవాబివ్వాలంటే మూడు పనులు చేయాలి. జూలైలో తన ఆత్మవిశ్వాసం ఎంత ఉందో గుర్తుచేసుకోవాలి, ఇప్పటిదాన్ని దాంతో పోల్చాలి, ఆ తేడాకు కారణం మీ కార్యక్రమమే అని తేల్చాలి. మూడోది పెద్ద పెద్ద పరిశోధకులకే చేతకాదు. ఈ తీసివేత లెక్క మనం చేయాలి, పిల్ల కాదు. ఆమెను ఇప్పటి సంగతి మాత్రమే అడగాలి, అదే ప్రశ్న జూలైలో ఒకసారి, మార్చిలో ఒకసారి:

‘గత నెల రోజుల్లో, క్లాసులో అర్థం కానిదాన్ని లేచి టీచర్‌ను ఎన్నిసార్లు అడిగావు?’ ఒక్కసారి కూడా లేదు / 1–2 సార్లు / 3–5 సార్లు / అంతకంటే ఎక్కువ.

ఇలాంటివి నాలుగు చాలు. తెలియని పెద్దవాళ్లతో మాట్లాడటం, తప్పు వస్తుందని తెలిసినా బోర్డు దగ్గరికి వెళ్లడం, తోటివాళ్లు ఎగతాళి చేసినప్పుడు ఏం చేసింది, ఇలా మీ పిల్లల రోజుల్లోంచి తీసుకోండి. నాలుగూ కలిపి ఒక కొలతగా వాడొచ్చు.

4లో ‘తరచుగా’ అంటే వారానికోసారి ఫోను వచ్చేవాడికి ఒక లెక్క, రోజూ మెసేజ్ చేసుకునేవాడికి ఇంకో లెక్క. అంకె అడగండి. ‘దసరా సెలవుల నుంచి ఇప్పటిదాకా’, ‘ఎస్ఏ–1 (అర్ధ సంవత్సర) పరీక్షల తర్వాత’ అని పిల్లలకు గుర్తుండే గుంజ పాతి అడిగితే జ్ఞాపకం నిలుస్తుంది. ‘గత మూడు నెలల్లో’ అంటే ఎవరికీ లెక్క అందదు. నిజానికి కలయికల లెక్కకు సర్వే కంటే హాజరు పుస్తకం మేలు. ఆదివారం సంతకాలు పెట్టించండి, సర్వేలో ఫోన్ల లెక్క మాత్రం అడగండి.

5కు అభిప్రాయం అక్కర్లేదు, తెలుసో లేదో నేరుగా తేల్చవచ్చు. ‘పాలిటెక్నిక్‌లో చేరడానికి ఏ ప్రవేశ పరీక్ష రాయాలి?’ పాలిసెట్ / నీట్ / ఏ పరీక్షా లేదు / నాకు తెలియదు. ‘బాసర ట్రిపుల్ ఐటీలో సీటు ఏ మార్కులను బట్టి ఇస్తారు?’ పదో తరగతి / ఇంటర్ / జేఈఈ / నాకు తెలియదు. ‘బైపీసీ తీసుకుంటే ఇంజినీరింగ్ కోసం ఈఏపీసెట్ (పాత ఎంసెట్) గణితం పేపరు రాయవచ్చా?’ లాంటి మెలిక ప్రశ్నలు మాత్రం వద్దు, అది క్విజ్ అయిపోతుంది. ‘నాకు తెలియదు’ గడి తప్పనిసరి. అది లేకపోతే ఊహించి పెడతారు, మూడింటిలో ఒకటి ఎలాగూ తగులుతుంది. తెలియదు అన్నందుకు ఎవరూ ఏమీ అనరని ముందే చెప్పండి.

6లో ‘పంచుకోగలను’ కాదు, ‘చెప్పావా’ అనండి. ఇక్కడొక చిక్కుంది. ‘ఇంట్లోనో బడిలోనో ఇబ్బంది వచ్చినప్పుడు మెంటర్‌కు చెప్పావా?’ అని అవును / కాదు మాత్రమే ఇస్తే, ఏ ఇబ్బందీ రాని పిల్లవాడు ‘కాదు’ పెడతాడు. అతనికి మెంటర్ మీద నమ్మకం లేదని మీరు లెక్కేస్తారు. అందుకే మూడో గడి, ‘ఇబ్బంది ఏదీ రాలేదు’. ఇబ్బంది ఏమిటో ఆ కాగితం మీద రాయమనవద్దు.

8ని మార్చండి: ‘మీరిద్దరూ పోయినసారి కలిసినప్పుడు ఏం మాట్లాడుకున్నారు? రెండు ముక్కల్లో రాయి.’ కలవనివాళ్లు ఇక్కడ దొరికిపోతారు. ఇంకొకటి: ‘వచ్చే ఏడాది నీ చెల్లెలో తమ్ముడో ఇందులో చేరితే, ఏది మార్చమని మాకు చెబుతావు?’ తన కోసం అడగలేని పిల్ల చెల్లెలి కోసం అడుగుతుంది.

చివరగా, ఫారం ఎప్పుడు, ఎవరు ఇస్తున్నారు? సర్టిఫికెట్లు పంచే రోజున, మెంటర్ అదే గదిలో ఉండగా ఇస్తుంటే ఏ ప్రశ్న మార్చినా ఫలితం మారదు. ముగింపు సభకు కనీసం పది రోజుల ముందు, మామూలు బడి రోజున, మెంటర్లూ క్లాసు టీచరూ లేని గదిలో పెట్టండి. కాగితాన్ని పిల్లలే మడిచి మూతి కట్టిన పెట్టెలో వేయాలి. చేతికి తీసుకుని చూస్తూ నిలబడేవాళ్లు ఎవరూ ఉండకూడదు.

---

నుడికారం:

కొలబద్ద గారు విషయం చెప్పారు, నేను భాష సంగతి చెబుతాను. ఈ ఫారం ఇంగ్లిష్‌లో పుట్టి తెలుగులోకి వచ్చిందని చూడగానే తెలుస్తోంది.

ముందు 3వ ప్రశ్న. ‘పట్టించుకోవడం లేదని అనిపించలేదు’లో రెండు కాదనడాలున్నాయి. దీనికి తోడు తెలుగులో కాదనే ప్రశ్నకు మనం జవాబు చెప్పే తీరే వేరు. ‘నిన్న రాలేదా?’ అని అడిగితే రానివాడు ‘అవునండీ, రాలేదు’ అంటాడు, వచ్చినవాడు ‘లేదండీ, వచ్చాను’ అంటాడు. అదే ఇంగ్లిష్‌లో రానివాడు ‘నో’ అంటాడు. ఇంగ్లిష్ పద్ధతిలో గీసిన గడుల్లో తెలుగు జవాబు పెట్టేసరికి ‘అవును’ దేనికి అవునో ఎవరికీ తేలదు. గుడ్డిగా 5 పెట్టేవాళ్లను పట్టుకోవడానికి ఒకటి రెండు తిరగేసిన ప్రశ్నలు పెట్టాలని ఇంగ్లిష్ పుస్తకాలు చెబుతాయి. తెలుగులో ‘లేదు, కాదు’ లేకుండానే తిరగేయాలి. ‘మాట్లాడుతుండగా మెంటర్ ఫోను చూసుకుంటూ ఉంటారు’ అని రాయండి. వ్యతిరేకార్థం వచ్చింది, వ్యతిరేక క్రియ రాలేదు.

‘విభేదిస్తున్నాను, ఏకీభవిస్తున్నాను, తటస్థం’. ఇవి సంపాదకీయంలో మాటలు. లైకర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1932లో తయారుచేసిన ఒప్పుకోలు కొలత అది, పెద్దవాళ్ల అభిప్రాయాలకు పనికొస్తుంది. మీ పిల్లలకు ఎన్నిసార్లు అనే కొలత ఇవ్వండి: ‘ఎప్పుడూ లేదు / ఎప్పుడో ఒకసారి / సగం సార్లు / చాలాసార్లు / ప్రతిసారీ’. ఒప్పుకోలు అడిగితే పెద్దల మాటకు ఒప్పుకోవడమే అలవాటైన పిల్లలు ఒప్పుకుంటారు. ఎన్నిసార్లు అని అడిగితే ఒప్పుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

నవ్వు ముఖం, ఏడుపు ముఖం బొమ్మలు పెడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మెంటర్ పేరు పక్కన ఏడుపు ముఖానికి టిక్కు పెట్టడం వాళ్లను తిట్టినట్టు అనిపిస్తుంది పిల్లలకు.

మీ ఫారంలో ఆరు ప్రశ్నల్లో ‘నేను’, 7లో ‘మీ’. ఒకే పద్ధతి ఉండాలి. 9వ తరగతికి ‘నువ్వు’ దగ్గరగా ఉంటుంది, ‘మీరు’ పరీక్ష పేపరులా ఉంటుంది. మెంటర్‌కు మాత్రం ‘విన్నాడు, విన్నది’ కాకుండా ‘విన్నారు’ అంటే ఆడ, మగ ఇద్దరికీ సరిపోతుంది.

ఇంకో చిన్న మాట. పిల్లలు మెంటర్ అనరు, అక్క, అన్న అంటారు. అలాగని ఫారంలో ‘మీ అక్క’ అని రాస్తే సొంత అక్క గురించి రాసేవాళ్లుంటారు. ‘మెంటర్ అక్క / మెంటర్ అన్న’ అని రాయండి.

ఇవన్నీ మార్చాక వెంటనే 60 మందికి పంచకండి. ఈ కార్యక్రమంలో లేని ఆరుగురు 9వ తరగతి పిల్లల్ని తీసుకోండి, ఇద్దరు బాగా చదివేవాళ్లు, ఇద్దరు మధ్యరకం, ఇద్దరు కూడబలుక్కుని చదివేవాళ్లు. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని ప్రశ్న చదివించి మూడు అడగండి: ‘ఇందులో నిన్ను ఏం అడుగుతున్నారు? నీ మాటల్లో చెప్పు.’ ‘ఏది గుర్తుచేసుకుని ఈ గడిలో పెట్టావు?’ ‘ఏ మాట దగ్గర ఆగావు?’ వాళ్లకు మెంటర్ లేరు కదా, ట్యూషన్ చెప్పేవాళ్లనో పెద్దమ్మ కూతుర్నో ఊహించుకుని జవాబివ్వమనండి. ఆరుగురిలో ఇద్దరు ఒకే చోట ఆగితే తప్పు ప్రశ్నలో ఉంది, పిల్లల్లో కాదు. ‘ఆత్మవిశ్వాసం’ అంటే ఏమిటని వాళ్లను అడిగి చూడండి, ‘ధైర్యం’, ‘దేవుడి మీద నమ్మకం’, ‘గర్వం’ మూడూ వినిపించవచ్చు.

కూడబలుక్కుని చదివేవాళ్ల కోసం అసలు సర్వే రోజున ఒకరు గట్టిగా చదవాలి, అందరూ కలిసి ఒక్కో ప్రశ్నా దాటాలి. చదివేవాళ్లు గొంతులో ఏ జవాబునూ మెచ్చుకోకుండా, గడులన్నింటినీ ఒకే స్వరంతో చదవాలి. కొత్త ఫారంలో 14 దాకా ప్రశ్నలుంటే 25 నిమిషాలు పెట్టుకోండి.

---

లెక్కలపుస్తకం:

ప్రశ్నలు ఎంత బాగున్నా జూలై కాగితం, మార్చి కాగితం ఒకే పిల్లవని తెలియకపోతే ఆ రెండు సర్వేలూ వృథా. పేరు రాయమంటే నిజం రాయరు, పేరు లేకపోతే జత కుదరదు. చాలామంది పిల్లల చేతే కోడ్ తయారు చేయిస్తారు, అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీ, ఇలా. మన దగ్గర అది రెండు చోట్ల తప్పుతుంది. ఒకే క్లాసులో లక్ష్మి, లత, లలిత అనే అమ్మలు ఎంతమందో చూడండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో ఒకటి, ఇంట్లో చేసుకునేది ఒకటి. జూలైలో ఒకటి, మార్చిలో ఇంకోటి రాస్తారు. దీనికంటే మీరే 101 నుంచి 160 వరకు నంబర్లు ముందే అచ్చువేసి ఇవ్వండి. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా మెంటర్లతోనూ బడితోనూ సంబంధం లేని ఒక్కరి దగ్గరే ఉండాలి. ‘నీ జవాబు మెంటర్ అక్కకూ, టీచర్‌కూ చూపించం’ అని పిల్లలకు చెప్పండి. ‘ఎవరికీ తెలియదు’ అని మాత్రం చెప్పకండి, అది అబద్ధం.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వ్యక్తిగత సమాచారాన్ని డిజిటల్ రూపంలో వాడాలంటే అమ్మానాన్నల లేదా సంరక్షకుల అనుమతి కావాలి. చేర్చుకునే ఫారంలోనే తెలుగులో ఒక పేరా రాసి సంతకం తీసుకోండి.

రెండోది, దసరా తర్వాత మానేసిన జంటలు. మార్చిలో హాజరైనవాళ్లకే ఫారం ఇస్తే అసలు ఆ పిల్లలు లెక్కలోకే రారు, మిగిలినవాళ్లంతా సంతోషంగానే ఉంటారు. జూలైలో చేరిన 60 మందికీ మార్చిలో ఫారం వెళ్లాలి. మానేసినవాళ్లకు ఒక పేజీ చాలు: ఆఖరిసారి ఎప్పుడు కలిశారు, ఎందుకు ఆగింది (మెంటర్ రాలేదు / నాకు కుదరలేదు / ఇంట్లో వద్దన్నారు / మాట్లాడటానికి ఏమీ లేదు / వేరే), మళ్లీ వేరేవాళ్లను ఇస్తే వస్తావా. ఇది తేలిగ్గా వదిలేసే సంగతి కాదు. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే మెంటరింగ్ కార్యక్రమం మీద గ్రాస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన విశ్లేషణలో, ఏడాదికి పైగా సాగిన జంటల్లో పిల్లలకు ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జంటల్లో పిల్లలకు తమ మీద తమకున్న విలువ తగ్గింది. అంటే మధ్యలో వదిలేయడం వల్ల నష్టం కూడా జరగవచ్చు. కాబట్టి మార్చి దాకా ఆగకుండా నవంబరులో నాలుగు ప్రశ్నల చిన్న సర్వే ఒకటి పెట్టండి, మెంటర్ మార్పు అప్పుడే చేయొచ్చు. ఆ నాలుగే ప్రశ్నలు మెంటర్లనూ అడగండి. ‘పోయినసారి ఏం మాట్లాడుకున్నారు’కు ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెడితే ఏ జంట ఎలా ఉందో కనిపిస్తుంది.

గూగుల్ ఫారం వాడితే గడుల పట్టిక వద్దు. ఫోనులో పక్కకు జరిపితే తప్ప చివరి గడులు కనిపించవు, కనిపించిన గడుల్లోనే పెట్టేస్తారు. ఒక్కో ప్రశ్నా విడిగా, గడులు నిలువుగా పెట్టండి. జవాబుల వరుసను కలగలిపే సెట్టింగు ఆపేయండి. ఈమెయిల్ సేకరణ కూడా ఆపేయండి.

లెక్క చెప్పేటప్పుడు 60 మందికి శాతాలు వాడొద్దు. ముగ్గురు మారితే 5 శాతం అయిపోతుంది, వినేవాళ్లు ఏదో జరిగిందనుకుంటారు. ‘జూలైలో ఒక్కసారీ ప్రశ్న అడగని 22 మందిలో 9 మంది మార్చికి అడుగుతున్నారు’ అన్న తీరులో మనుషుల లెక్క చెప్పండి (అంకెలు నమూనా కోసమే). సగటు ఒక్కటే ఇస్తే వెనక్కి వెళ్లిన పిల్లలు దాని చాటున ఉండిపోతారు. ఎంతమంది పెరిగారు, ఎంతమంది అలాగే ఉన్నారు, ఎంతమంది తగ్గారు, మూడూ రాయండి.

మీరు బాగా బెరుకుగా ఉన్న పిల్లల్ని ఏరి చేర్చుకుంటున్నారా? అలా అయితే ఏమీ చేయకపోయినా వాళ్లలో కొందరు మార్చికి కాస్త మెరుగ్గానే కనిపిస్తారు, అట్టడుగున కొలిచిన ఏ కొలతైనా రెండోసారి మధ్యకు జరుగుతుంది. అదే బడిలో కార్యక్రమంలో లేని 9వ తరగతి పిల్లల్లో, వీలైతే అంతే బెరుకున్నవాళ్లకు, మెంటర్ ప్రశ్నలు తీసేసి మిగతావి రెండుసార్లూ ఇస్తే పోల్చుకోవడానికి ఉంటుంది.

---

చదువులచెట్టు:

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. ప్రశ్నలు తిరగరాస్తున్నాను. ఒక ఇబ్బంది: ఈ ఏడాది జూలైలో మొదటి సర్వే పెట్టనేలేదు. మార్చిలో ‘అప్పుడు ఎలా ఉన్నావు, ఇప్పుడు ఎలా ఉన్నావు’ అని రెండూ ఒకేసారి అడగొచ్చా? ఇంకోటి, మెంటర్ ప్రవర్తన గురించి, పిల్లల భద్రత గురించి ఒక ప్రశ్న పెట్టమని మా కమిటీలో అడుగుతున్నారు.

---

లెక్కలపుస్తకం:

అడగొచ్చు. దానికి ఒక మేలు కూడా ఉంది. ‘నాకు బాగా మాట్లాడటం వచ్చు’ అని జూలైలో 4 పెట్టిన పిల్లకు, బాగా మాట్లాడటమంటే ఏమిటో మార్చికి తెలిసొస్తుంది. అప్పుడు 3 పెడుతుంది. కాగితం మీద తగ్గినట్టుంటుంది, నిజానికి ఆమె కొలబద్దే మారింది. జార్జ్ హోవార్డ్ అనే పరిశోధకుడు 1979 ప్రాంతంలో దీని మీద రాశారు. వెనక్కి తిరిగి అడిగితే రెండు జవాబులకూ ఒకే కొలబద్ద ఉంటుంది. కానీ ‘పెరిగానని చూపించాలి’ అనే తొందర పిల్లల్లో ఉంటుంది కనుక ముందు ‘ఇప్పుడు’ అన్నీ అడిగేయండి, పేజీ తిప్పాక ‘జూలైలో ఈ కార్యక్రమం మొదలైన కొత్తలో’ అని అడగండి. రెండు గడుల వరుసలూ పక్కపక్కన పెట్టకండి. రిపోర్టులో ‘పిల్లలు గుర్తుచేసుకుని చెప్పినది’ అని స్పష్టంగా రాయండి. ‘ఎన్నిసార్లు అడిగావు’ లాంటి అంకెల ప్రశ్నలకు ఈ పద్ధతి పనిచేయదు, ఎనిమిది నెలల కిందటి లెక్క ఎవరికీ గుర్తుండదు.

---

కొలబద్ద:

భద్రత ప్రశ్న గురించి. మార్చిలో నింపి, ఏప్రిల్‌లో లెక్కకట్టే కాగితంలో అది ఉండకూడదు. ఒక పిల్ల ‘అవును, ఇబ్బంది పెట్టారు’ అని రాసి పెట్టెలో వేస్తే, మీరు విప్పి చూసేదాకా ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది. దీనికి ఏడాది పొడవునా తెరిచి ఉండే వేరే దారి కావాలి: బడిలో పిల్లలు నమ్మే ఒక మహిళా టీచరు, మీ సంస్థలో పేరు చెప్పి పరిచయం చేసిన ఒకరు, పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఈ మూడూ మొదటి రోజునే చెప్పి, ప్రతి సర్వే కాగితం అడుగున పెద్ద అక్షరాల్లో అచ్చువేయండి.

అయినా అడగనిచోట కూడా పిల్లలు రాస్తారు, ‘రెండు ముక్కల్లో రాయి’ అన్న గీత మీదే రాస్తారు. అందుకే పెట్టెను అదే రోజు సాయంత్రం విప్పి, నంబర్ల జాబితా ఉన్న మనిషి మొత్తం 60 కాగితాల్లో రాసిన ముక్కలు చదవాలి. అలాంటిది కనిపిస్తే గోప్యత మాట పక్కన పెట్టి ఆ పిల్ల దగ్గరికి ఆ రోజే వెళ్లాలి. ఇలా చేస్తామని సర్వే మొదలుపెట్టే ముందు పిల్లలకు చెప్పండి: ‘నువ్వు రాసింది మెంటర్‌కూ, టీచర్‌కూ చూపించం. నీకు గానీ ఇంకొకరికి గానీ హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం, సాయం చేయగలిగినవాళ్లకు చెబుతాం.’